పులసకు దూరపు చుట్టం: సాల్మన్ దారిలో ఆరు రోజులు

మొదటి రోజు: బాలర్డ్ లాకులు, సియాటిల్

సముద్రంలో ఉన్నంతకాలం విలస, వరదకు ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. ఈ సంగతి తెలిసిన తెలుగువాళ్ళకి సాల్మన్ కథ సగం చెప్పినట్టే. ఏట్లో పుడుతుంది, సముద్రంలో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఏట్లోకి వస్తుంది. పులస గుడ్లు పెట్టాక తిరిగి సముద్రానికి పోగలదు. పసిఫిక్ సాల్మన్ పోలేదు. వాసన పట్టుకుని తను పుట్టిన వాగునే వెతుక్కుంటూ వచ్చి, గుడ్లు పెట్టి, అక్కడే ప్రాణం విడుస్తుంది.

ఈ ప్రయాణం అసలు తిమింగలాల కోసం. అమెరికా, కెనడా సరిహద్దు మీద ఉన్న సేలిష్ సముద్రంలో ‘సదరన్ రెసిడెంట్’ అనే ఓర్కాల సంతతి ఒకటుంది. 2024 జులై లెక్కలో అవి 73. ఓర్కా నిజానికి డాల్ఫిన్ కుటుంబంలోది, ఆ కుటుంబంలో అన్నిటికంటే పెద్దది. వాడుకలో తిమింగలమనే అంటారు, ఇక్కడా అదే మాట వాడతాం. ఈ 73 సీల్‌లని ముట్టవు. చేపలే తింటాయి, వేసవిలో అయితే ఎక్కువగా చినూక్ అనే ఒక్క జాతి సాల్మన్. ఇవి తగ్గడానికి ఆ చేప తగ్గడం ఒక పెద్ద కారణం. అందుకే పడవెక్కి రెక్కల కోసం వెతకడం మానేసి, చేప వెళ్ళే దారి పట్టుకున్నాం. అక్టోబరు రెండో వారం దీనికి సరైన సమయం. చినూక్ చివరి గుంపులు, కోహో అనే ఇంకో జాతి సాల్మన్ మొదటి గుంపులు ఒకేసారి దొరుకుతాయి.

సముద్రానికీ ఊరి లోపలి చెరువులకీ మధ్య పడవలని ఎక్కించి దించే ఈ లాకులు 1917లో తెరిచారు. లోపలి చెరువుల నీటిమట్టం సముద్రం కంటే సుమారు 20 అడుగులు ఎత్తు. పడవలకు లాకులుంటే చేపలకు పక్కనే 21 మెట్ల నిచ్చెన ఉంది. ఇప్పుడున్నది 1976లో తిరిగి కట్టినది. ఒక్కో మెట్టు అడుగు ఎత్తు ఉంటుంది, చేప ఒక తొట్టిలోంచి పై తొట్టిలోకి దూకుతుంది, లేదా అడుగున ఉన్న కంతలోంచి ఈదుతుంది. నేల కింద గదిలో అద్దాలు పెట్టారు. అక్కడ నిలబడితే చేప ముఖానికి ముఖం ఎదురుగా ఉంటుంది.

జాతి గుర్తుపట్టడం ఇక్కడే నేర్చుకోవాలి, తర్వాత అన్ని రోజులూ పనికొస్తుంది. తోక చూడండి. మచ్చలు తోక పైభాగంలోనూ కిందిభాగంలోనూ ఉంటే చినూక్. పైన మాత్రమే ఉంటే కోహో. చేప చేతికి దొరికితే చిగుళ్ళు చూస్తే ఇంకా తేలిక, చినూక్‌వి నలుపు, కోహోవి తెలుపు. సాకైకి పెద్ద మచ్చలుండవు, ఏట్లోకి వచ్చాక ఒళ్ళు ఎర్రబడి తల ఆకుపచ్చగా మారుతుంది. చమ్‌కి పక్కల మీద ఊదారంగు చారలొస్తాయి. పింక్ ఇక్కడ బేసి సంవత్సరాల్లోనే ఎక్కువగా వస్తుంది, మగదానికి వీపు మూపురంలా లేస్తుంది.

చూడ్డానికి ముచ్చటగా ఉన్నా ఈ చోటు చేపకి కష్టమైన గుమ్మం. మామూలు నదికి మొగ ఉంటుంది. ఉప్పు నీరు కొన్ని మైళ్ళ మేర కొంచెం కొంచెంగా తీపెక్కుతుంది, ఆ లోపల చేప మూత్రపిండాలు, మొప్పలు పని మార్చుకుంటాయి. ఇక్కడ మొగ లేదు. 1916లో కాలువ తవ్వి లేక్ వాషింగ్టన్‌ను దాదాపు 9 అడుగులు దించినప్పుడు, దాని పాత దారి అయిన బ్లాక్ నది ఎండిపోయింది. ఇప్పుడు కొన్ని గజాల్లోనే ఉప్పు పోయి తీపి వస్తుంది. పైగా వేసవిలో కాలువలో నీరు 20 డిగ్రీలు దాటుతుంది. సాల్మన్ చల్లని నీటి చేప. వేడి నీటిలోకి ఎక్కలేక లాకుల కింద చల్లటి ఉప్పునీటిలో ఆగిపోతే సీల్‌లకి దొరుకుతుంది, ధైర్యం చేసి ఎక్కితే ఒంట్లో రోగం ముదురుతుంది. చెరువు సాకై కోసం ఇక్కడ చివరిసారి గేలపు వేటకి అనుమతి ఇచ్చింది 2006లో.

కిందికి దిగే పిల్లల కష్టం ఇంకొకటి. లాకు నింపే సొరంగాల గోడలకి నత్తగుల్లల్లాంటి బార్నకిల్స్ పట్టి, జోరుగా నీరు లాగినప్పుడు జానెడు కూడా లేని పిల్లల పొలుసులు గీరుకుపోయేవి. పొలుసు పోయిన పిల్ల సముద్రపు ఉప్పుకి తట్టుకోలేదు. అందుకని గోడలు గీకించారు, వసంతంలో లాకుని నెమ్మదిగా నింపడం మొదలుపెట్టారు, పిల్లలు జారిపోవడానికి విడిగా జారుడు దోనెలు పెట్టారు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఇలాంటి మరమ్మతులే ఈ ప్రయాణమంతా మళ్ళీ మళ్ళీ ఎదురయ్యాయి.

రెండో రోజు: ఇసక్వా హేచరీ

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకి ఇసక్వా తెలిసిన ఊరే. ఊరి నడిబొడ్డున, వంతెన పక్కనే, 1936లో కట్టిన చేపపిల్లల కేంద్రం ఉంది. అక్టోబరు మొదటి వారాంతంలో జరిగే సాల్మన్ పండగ రద్దీ అయిపోయాక వస్తే పని దగ్గరగా చూడొచ్చు.

వాగుకి అడ్డంగా ఉన్న చిన్న ఆనకట్ట చేపని పక్క మెట్ల వైపు మళ్ళిస్తుంది. తొట్టిలో చేరిన ఆడచేప పొట్టని చేత్తో నొక్కి చూస్తారు. గట్టిగా ఉంటే జన ఇంకా పొరలో ఉన్నట్టు, వెనక్కి వదులుతారు. మెత్తగా, లోపల గోళీల్లా కదులుతుంటే సిద్ధమైనట్టు. తలమీద ఒక్క దెబ్బతో చంపి, ఒళ్ళు తుడిచి, పొట్ట కోసి, జనని పొడి బక్కెట్లోకి వంచుతారు. ఒక చినూక్‌లో నాలుగైదు వేల గుడ్లు, బఠాణీ గింజ సైజులో ఉంటాయి.

ఆ ‘పొడి’ అన్న మాటలోనే కిటుకంతా ఉంది. నీటి చుక్క తగిలిందంటే గుడ్డు మీద ఉన్న సూదిమొన లాంటి రంధ్రం మూసుకోవడం మొదలవుతుంది. మగచేప రేతస్సుకి కూడా నీరు తగిలాకే కదలిక వస్తుంది, ఆ కదలిక నిమిషం కూడా నిలవదు. కాబట్టి ముందు గుడ్లు, వాటిమీద రేతస్సు, రెండూ కలిసేలా మెల్లగా తిప్పడం, అప్పుడు నీరు. వరస తప్పితే బక్కెట్టంతా వృథా. ఆ తర్వాత గంటసేపు కదపకుండా ఉంచితే గుడ్డు నీరు పీల్చి ఉబ్బి గట్టిపడుతుంది. పైపొర మీద క్రిములు పోవడానికి పది లక్షల వంతుల్లో 100 వంతుల అయోడిన్ ఉన్న నీటిలో పది నిమిషాలు ముంచుతారు. లోపలి రోగాలకి అది చాలదు. మూత్రపిండాల జబ్బు కలిగించే బాక్టీరియా తల్లి నుంచి గుడ్డులోకే దిగుతుంది. అందుకే ఒక్కో ఆడచేప జనని విడిగా ఉంచి, తల్లి ద్రవాన్ని పరీక్షకి పంపి, జబ్బు ఎక్కువ తేలితే ఆ జన మొత్తాన్ని పారేస్తారు.

తర్వాత అంతా ఉష్ణోగ్రత లెక్క. రోజుకి నీరు ఎన్ని డిగ్రీలుందో అంత కూడుతూ పోవాలి. చినూక్‌కి కూడిక సుమారు 250 దగ్గర గుడ్డులో నల్లటి కళ్ళు కనిపిస్తాయి, 500 దగ్గర పిల్ల బయటికొస్తుంది, 900 దాటాక పొట్టకింద సొన సంచి కరిగి ఈదుతూ తిండి వెతుక్కుంటుంది. నీరు 8 డిగ్రీలుంటే కళ్ళకి నెల, పొదగడానికి రెండు నెలలు. మొదటి రెండు రోజులు గడిచాక కళ్ళు కనిపించేదాకా ట్రే కదపకూడదు. ఆ దశలో చిన్న కుదుపుకే పిండం పోతుంది. కళ్ళొచ్చాక మాత్రం కావాలనే కొంచెం ఎత్తు నుంచి గుడ్లని నీటిలోకి ఒంపుతారు. ఫలదీకరణ కానివి ఆ దెబ్బకి తెల్లబడతాయి. వాటిని ఏరేయకపోతే బూజు పట్టి పక్క గుడ్లకీ పాకుతుంది.

పిల్లలు వేలెడు పొడవున్నప్పుడు వీపు వెనక ఉండే చిన్న కొవ్వు రెక్కని కత్తిరిస్తారు. అది తిరిగి మొలవదు. ఎక్కడ పట్టినా ఇది పెంపకం చేప అని తెలియడానికి గుర్తు. కొన్నిటికి ముక్కులోకి 1.1 మిల్లీమీటర్ల పొడవున్న తీగముక్క ఎక్కిస్తారు, దానిమీద అంకెలు చెక్కి ఉంటాయి. చేప చచ్చాక తల కోసి, తీగ తీసి, మైక్రోస్కోపులో చదివితే ఏ కేంద్రం, ఏ సంవత్సరం అన్నది తెలుస్తుంది.

పెంపకం మీద మాకున్న అభిప్రాయం దాచిపెట్టం. ఇది ఆసుపత్రి, ఇల్లు కాదు. ట్రేలో పెరిగిన చేపకి వరద తెలియదు, గులకరాళ్ళ కింద చలికాలం తెలియదు, కొన్ని తరాల్లోనే ఏటి చేప కంటే బలహీనపడుతుంది. ఊరి మధ్యలో వేసవిలో వేడెక్కే వాగుకి ఆసుపత్రి కావాలి, నిజమే. నదినే బాగుచేయగలిగిన చోట ఏమవుతుందో చూడ్డానికే మర్నాటి ప్రయాణం.

మూడో రోజు: ఎల్వా నది

ఎల్వా పక్కనున్న పోర్ట్ ఏంజెలెస్‌ ఊరికి మూడు గంటల పైనే పడుతుంది. దారి పొడవునా హైవే కింద తూములు కనిపిస్తాయి. పాత తూము అంటే సన్నటి గుండ్రటి గొట్టం. లోపల నీరు జోరెక్కుతుంది, కింది చివర నేల కోసుకుపోయి గొట్టం మూతి గాల్లో వేలాడుతుంది, చేప దానిమీదికి ఎగరలేదు. ఒక్క గొట్టం పైనున్న వాగునంతా చేపకి మూసేస్తుంది. ఆదివాసీ తెగలకి 1850ల ఒప్పందాల ప్రకారం పట్టుకోగల చేపలో సగం వాటా ఉందని 1974లో జడ్జి బోల్ట్ తీర్పు ఇచ్చాడు. చేపే లేకపోతే వాటాకి అర్థమేమిటని తెగలు తూముల మీద 2001లో మళ్ళీ కోర్టుకి వెళ్ళాయి. 2018లో అమెరికా సుప్రీంకోర్టులో జడ్జీలు నలుగురూ నలుగురుగా చీలడంతో కింది కోర్టు ఆదేశం నిలబడింది, తూములు మార్చాల్సిన బాధ్యత రాష్ట్రం మీద పడింది. కొత్త తూముకి ఒక లెక్క ఉంది. వాగు నిండుగా పారేటప్పటి వెడల్పుని 1.2తో గుణించి 2 అడుగులు కలపాలి. అడుగున కాంక్రీటు కాదు, వాగులో ఉండే రాళ్ళే పరచాలి. పది అడుగుల వాగుకి పద్నాలుగు అడుగుల తూము. అప్పుడు చేపకి పైన రోడ్డున్నట్టే తెలియదు.

ఎల్వా మీద రెండు ఆనకట్టలుండేవి. కింద 1913 నాటి 108 అడుగుల ఎల్వా డ్యామ్, పైన 1927 నాటి 210 అడుగుల గ్లైన్స్ కాన్యన్ డ్యామ్. రెండిటికీ చేపల మెట్లు లేవు. నూరేళ్ళపాటు సాల్మన్ సముద్రం నుంచి ఐదు మైళ్ళు మాత్రమే పైకి రాగలిగింది, ఆపైన 70 మైళ్ళకి పైగా నది, ఉపనదులు ఖాళీగా ఉండిపోయాయి. ధవళేశ్వరం దగ్గర ఆగిపోయే పులసని చూసినవాళ్ళకి ఈ దృశ్యం కొత్త కాదు. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయి లక్షల ఎకరాలకి నీళ్ళిచ్చింది, దాన్ని తీసేయమని ఎవరూ అనరు. ఎల్వా డ్యాములు ఇచ్చింది కాగితపు మిల్లుకి కరెంటు. ఆ కరెంటు ఇంకోచోటి నుంచి తెచ్చుకోవచ్చు, ఆ చేపని ఇంకోచోటి నుంచి తేలేం. ఏ ఆనకట్ట గురించైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే అని మాకనిపిస్తుంది.

చట్టం 1992లో వచ్చింది, పని 2011 సెప్టెంబరులో మొదలైంది. పేల్చి పడేయడం కాదు. జలాశయాల్లో దాదాపు రెండు కోట్ల ఘనమీటర్ల మట్టి, ఇసక, రాళ్ళు పేరుకుని ఉన్నాయి. ఒక్కసారి వదిలితే కింద ఏమీ మిగలదు. అందుకని డ్యామ్ పైఅంచులో గాడి కోసి, నీటిమట్టం కొద్దిగా దించి, నదే మట్టిని కోసుకుపోయేలా ఆగి, మళ్ళీ ఇంకో గాడి. చేపలు ఎక్కే నెలల్లో పని ఆపేశారు. కింది డ్యామ్ 2012 వసంతానికి పోయింది. పైదాని దగ్గర మాత్రం ఆటంకం వచ్చింది. దిగువన ఊరికి నీరిచ్చే కొత్త నీటి తోడకం ఆకు, కంప, బురదతో పూడుకుపోయింది. 2012 చివర నుంచి దాదాపు ఏడాదిపాటు పని నిలిచింది. చివరి ముక్క 2014 ఆగస్టులో తీశారు. అయినా చాలా చేపలు పైకి పోలేకపోయాయి. డ్యామ్ కింద కొండరాళ్ళు పడి నదిని మూసేశాయి. వాటిని తర్వాతి రెండేళ్ళలో పేల్చి దారి చేశారు. డ్యామ్ తీయడమంటే కాంక్రీటు తీయడంతో అయిపోయే పని కాదు.

మాడిసన్ జలపాతం దాకా కారు వెళ్తుంది. ఆపైన రోడ్డుని నదే కోసేసింది, నడవాల్సిందే. పాత జలాశయపు నేలమీద ఇప్పుడు ఆల్డర్, విల్లో చెట్లు తలెత్తుకుని ఉన్నాయి. సన్నటి ఒండ్రు మీద అడవి దానంతటదే లేచింది. ముతక రాళ్ళ గుట్టల మీద మాత్రం ఏదీ పట్టలేదు. అక్కడ నత్రజని పట్టే లూపిన్ మొక్కల గింజలు చల్లి, వాటి నీడన మిగతావి నాటారు. మన పొలాల్లో జనుము, జీలుగు వేసినట్టే. చెట్లెందుకంటే నీడ లేని ఏరు వేడెక్కుతుంది, పడిన చెట్టు లేని ఏట్లో చేపపిల్లకి దాక్కునే మడుగుండదు.

నది లెక్కపెట్టడం చూడదగ్గ పని. బురద నీటిలో కెమెరా పనికిరాదు కనుక, మొగకి దగ్గరలో ఒడ్డు నుంచి సోనార్ పెట్టారు. నీటిలోకి శబ్దం పంపి తిరిగొచ్చినదాన్ని బొమ్మగా మార్చే పెట్టె అది. చేప పొడవు, ఎటు వెళ్తోంది అన్నవి తెలుస్తాయి, జాతి తెలియదు. ఒకే పొడవున్న కోహో, చిన్న చినూక్ తెరమీద ఒకేలా ఉంటాయి. అందుకని వల వేసి పట్టి చూసిన చేపల నిష్పత్తితో సోనార్ అంకెని విడగొడతారు. పైన వాగుల్లో నడిచి గూళ్ళు లెక్కపెడతారు. ఆడచేప తోకతో కొట్టి చేసే గుంటని రెడ్ అంటారు. చుట్టూ నాచు పట్టిన నల్లరాళ్ళ మధ్య శుభ్రంగా, తెల్లగా, పడకంత మేర కనిపిస్తుంది. దానిమీద కాలు పెడితే కింద వేల గుడ్లు చితికిపోతాయి. కాబట్టి ఏట్లో దిగడం మాట మానేసి, ఒడ్డునే నడవాలి.

ఎవరూ ఊహించనిది స్టీల్‌హెడ్, అంటే సముద్రానికి పోయి పెరిగి వచ్చే రెయిన్‌బో ట్రౌట్. వేసవిలో వచ్చే రకం ఇక్కడ దాదాపు పోయిందనుకున్నారు. డ్యాముల పైన బందీగా ఉండిపోయిన రెయిన్‌బో ట్రౌట్‌లో ఆ వారసత్వం దాగి ఉంది. దారి తెరిచాక వాటి పిల్లలు సముద్రానికి పోయి స్టీల్‌హెడ్‌గా తిరిగొచ్చాయి. 2011 నుంచి వేట పూర్తిగా మానేసిన లోయర్ ఎల్వా క్లాలమ్ తెగవాళ్ళు 2023 అక్టోబరులో మొదటిసారి కోహో పట్టుకున్నారు, తమ తిండికి, తమ ఆచారానికి సరిపడా మాత్రమే. మొగ దగ్గర, ఒకప్పుడు బండరాళ్ళ ఒడ్డు, ఇప్పుడు నది తెచ్చిన ఇసక మైదానం. సాయంకాలం పాటు వేళ అక్కడ నడవచ్చు.

నాలుగో రోజు: పెన్ కోవ్ మీదుగా ఫ్రైడే హార్బర్

పోర్ట్ టౌన్‌సెండ్ నుంచి కూప్‌విల్‌కి ఫెర్రీ సుమారు 35 నిమిషాలు. కారుకి ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. కూప్‌విల్ రేవు ఇరుకు, పోటు పాటుల ప్రవాహం జోరుగా ఉన్న వేళల్లో పడవ రద్దు చేస్తారు, కాబట్టి ఆ రోజు ఇంకో పని పెట్టుకోవద్దు.

పెన్ కోవ్ ప్రశాంతమైన చిన్న అఖాతం. 1970 ఆగస్టు 8న ఇక్కడికి 80కి పైగా ఓర్కాలని విమానంతో, పడవలతో, నీటిలో పేలుళ్ళతో తరిమి వలల్లో బిగించారు. ఏడు పిల్లల్ని అక్వేరియాలకి అమ్మారు. ఐదు మునిగి చనిపోయాయి. వాటి పొట్టలు చీల్చి, గొలుసులు కట్టి ముంచేశారు. నవంబరులో కళేబరాలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఆ రోజు పట్టుబడిన టోకిటే అనే ఆడ ఓర్కా 2023 ఆగస్టు 18న మయామీలోని తొట్టిలోనే కన్నుమూసింది. 1976లో ఈ రాష్ట్రంలో పట్టడం ఆగేలోపు ఈ సంతతి నుంచి దాదాపు 50 పోయాయి, ఎక్కువగా పిల్లలు. తర్వాతి దశాబ్దాల్లో తల్లులు కావాల్సిన తరం అది. ఇప్పటి లెక్కలో ఆ ఖాళీ ఇంకా ఉంది.

అక్కడి నుంచి అనకార్టెస్, మళ్ళీ ఫెర్రీ, గంట పైచిలుకు. చీకటిపడ్డాక ఫ్రైడే హార్బర్.

ఐదో రోజు: లైమ్ కిల్న్, శాన్ వాన్ దీవి

పొద్దున్న తిమింగలాల మ్యూజియం చూడాలి. 1979లో మొదలైంది. అక్కడ ఓర్కాల వంశవృక్షం గోడమీద ఉంటుంది. జె, కె, ఎల్ అని మూడు కుటుంబాలు, ఒక్కోదానికి అక్షరం, అంకె. ఈ పద్ధతి 1970లలో కెనడా శాస్త్రవేత్త మైకేల్ బిగ్ మొదలుపెట్టినది. వీపు రెక్క వెనక ఉండే బూడిదరంగు మచ్చ, రెక్క అంచు గాట్లు ఏ రెండిటికీ ఒకేలా ఉండవని అతను చూపించాడు. 1976 నుంచి ఇక్కడ కెన్ బాల్కమ్ ఏటా ఫొటోలు తీసి లెక్క రాశాడు. అంతకుముందు ఇవి వేల సంఖ్యలో ఉన్నాయనుకునేవాళ్ళు. ఫొటోలు చూశాకే ఎన్నో కాదు, ఇన్నే అని తేలింది. 1995లో 98 దాకా పెరిగి, మళ్ళీ పడిపోయాయి. 2005లో అమెరికా వీటిని అంతరించే ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చింది.

లైమ్ కిల్న్ పార్కుకి మధ్యాహ్నం. 1919 నాటి లైట్‌హౌస్ కింద బండలు నేరుగా లోతుకి దిగిపోతాయి, తిమింగలాలు ఒడ్డుకి రాయి విసిరేంత దగ్గరగా పోతాయి. పోతాయి అన్నది వేసవిలో, అది కూడా కెనడాలోని ఫ్రేజర్ నది చినూక్ వస్తేనే. ఇవి తిన్నాక నీటిపై తేలే పొలుసులు వలతో ఏరి జన్యుపరీక్ష చేస్తే, ఈ నీళ్ళలో వేసవిలో తిన్న చినూక్‌లో పదింట ఎనిమిది తొమ్మిది ఫ్రేజర్‌వే అని తేలింది. పెద్ద ఓర్కాకి రోజుకి పద్దెనిమిది నుంచి పాతిక చేపలు కావాలి. ఆ మధ్యాహ్నం రెక్కలేవీ కనబడలేదు. కంటికి కాదు, చెవికి పని. నీటిలో వేలాడదీసిన హైడ్రోఫోన్ అనే మైకు పట్టే శబ్దం లైట్‌హౌస్ దగ్గర వినొచ్చు, ఇంటి నుంచి ఇంటర్నెట్‌లోనూ వినొచ్చు. ఎస్1 అనే కూత ఎక్కువగా వినిపిస్తే అది జె కుటుంబం. ఎస్16 అయితే కె, ఎస్19 అయితే ఎల్. కుటుంబానికో యాస.

ఓడ పోతున్నప్పుడు వినండి, విషయం అర్థమవుతుంది. ఓర్కా చీకటి నీటిలో టిక్కుటిక్కుమని శబ్దం పంపి, ప్రతిధ్వనితో చేపని వెతుకుతుంది. ఓడ ఇంజను, పంఖా రొద ఆ ప్రతిధ్వనిని మింగేస్తుంది. వీపుకి అంటించిన రికార్డర్లతో చూస్తే, పడవ 400 గజాల లోపలికి వస్తే ఆడవి వేట మానుకుంటున్నాయని తెలిసింది. పిల్లకి పాలివ్వాల్సింది అవే. 2017 నుంచి ఈ దీవి పక్కనున్న హారో జలసంధిలో వేసవిలో ఓడలు స్వచ్ఛందంగా నెమ్మదిస్తున్నాయి. కంటైనర్, విహార ఓడలు 14.5 నాట్లకి (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు వేగం, సుమారు 1.85 కిలోమీటర్లు), సరుకు, చమురు ఓడలు 11కి. చిన్న పడవలకి వాషింగ్టన్ చట్టం 2025 జనవరి 1 నుంచి 1000 గజాల దూరం పెట్టింది, కయాక్‌కి కూడా. అర నాటికల్ మైలు లోపల 7 నాట్లు దాటకూడదు. దూరం నుంచి ఏ సంతతో తేల్చుకోలేరు కాబట్టి ఏ ఓర్కా కనబడినా దూరంగా ఉండడమే పద్ధతి. సీల్‌లు తినే బిగ్స్ ఓర్కాలు వేరే, వాటి రెక్క కొన సూదిగా ఉంటుంది, వీటిది గుండ్రం. అసలు ఒడ్డు నుంచి చూడ్డమే మేలు. ఈ బండకి పడవ టికెట్టూ లేదు, రొదా లేదు.

ఆకలిని కొలవడం ఎలా? ఇక్కడ ఒక కుక్క చేసిన పని చెప్పాలి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందం టక్కర్ అనే నల్ల లాబ్రడార్ సంకర కుక్కని పడవ ముందు నిలబెట్టేది. ఓర్కా పెంట నీటిపై తేలేది కొద్దిసేపే, తర్వాత మునిగిపోతుంది. కాబట్టి తిమింగలాలు పోయిన దారికి గాలి దిగువన, గాలికి అడ్డంగా పడవని నడుపుతారు. వాసన తగలగానే కుక్క ఒంగుతుంది, ముక్కు తిరిగిన వైపే పడవ తిరుగుతుంది, వాసన పోతే కుక్క నిలబడిపోతుంది, మళ్ళీ వెనక్కి. దొరికినదాన్ని గరిటెతో తీసి, నీరు వేరుచేసి, గడ్డకట్టిస్తారు. ఒక ముద్దలో ఏ చేప తిన్నది, ఒత్తిడి ఎంత, ఆకలెంత, గర్భం ఉందా, విషాలెన్ని అన్నీ ఉంటాయి. ఒత్తిడి హార్మోను పెరిగి థైరాయిడ్ హార్మోను పడిపోతే అది పడవల బెదురు కాదు, ఆకలి. 2008 నుంచి 2014 దాకా సేకరించినవాటిలో గుర్తించిన గర్భాల్లో 69 శాతం నిలవలేదని 2017లో ప్రచురించారు. ఆకలేసినప్పుడు కొవ్వు కరుగుతుంది, కొవ్వులో దాగిన పీసీబీలు అనే పారిశ్రామిక విషాలు రక్తంలోకి దిగుతాయి, పాల ద్వారా తొలిచూలు బిడ్డకి ఎక్కువగా వెళ్తాయి. చేప కరువు, విషం, రొద మూడూ విడివిడి సమస్యలుగా రాస్తారు. తల్లి ఒంట్లో అవి ఒకటే.

2018లో జె35 అనే తల్లి ఓర్కా చనిపోయిన తన పిల్లని 17 రోజులు ముక్కుమీద మోస్తూ తిరిగింది. మ్యూజియంలో ఆ అంకె దగ్గర జనం ఆగిపోతారు. ఆగకుండా ఉండలేం.

ఆరో రోజు: లాంగ్‌ఫెలో వాగు, వెస్ట్ సియాటిల్

రాత్రంతా వాన పడింది. ఈ వాన కోసమే చివరి రోజు ఇక్కడికి పెట్టుకున్నాం. లాంగ్‌ఫెలో ఇళ్ళ మధ్య, గోల్ఫ్ మైదానం పక్క, కొంత దూరం పైపుల్లో పారే చిన్న వాగు. శరదృతువు తొలి వానలకి కోహో దీనిలోకి ఎక్కుతుంది. అదే వాన రోడ్లనీ కడుగుతుంది.

ఏళ్ళ తరబడి ఇక్కడ ఒక వింత కనిపించేది. మెరుస్తూ వచ్చిన కోహో కొన్ని గంటల్లో నీటిపైకి తేలి నోరు తెరుచుకుని, గుండ్రంగా తిరిగి, పక్కకి ఒరిగి చచ్చిపోయేది. అదే నీటిలో చమ్‌కి ఏమీ అయ్యేది కాదు. లోహాలు కాదు, నూనె కాదు, పురుగుమందులు కాదు. చివరికి టైరు పొడి నానబెట్టిన నీటిని వంతులవారీగా విడగొడుతూ, ఒక్కో వంతునీ చేపలమీద పరీక్షిస్తూ పోగా, రెండువేల దాకా ఉన్న రసాయనాల నుంచి ఒకటి మిగిలింది. టైరు ఓజోన్‌కి పగలకుండా 6పీపీడీ అనే పదార్థం కలుపుతారు. అది ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్ అవుతుంది. 2020 డిసెంబరులో ఈ ఫలితం ప్రచురించారు. లీటరు నీటిలో గ్రాములో కోటో వంతు చాలు, కోహోకి.

మందు ఇంత చవకగా దొరుకుతుందని ఎవరనుకుంటారు? రోడ్డు నీటిని వాగులోకి నేరుగా పంపకుండా, 60 వంతుల ఇసక, 40 వంతుల కంపోస్టు కలిపిన 18 అంగుళాల మట్టిపొర గుండా ఇంకనిస్తే, ఆ నీటిలో కోహో బతుకుతోంది. పరీక్షగా పక్కపక్క తొట్లలో పెట్టి చూశారు. వడగట్టని నీటిలోనివి చచ్చాయి, వడగట్టినదాంట్లోనివి ఈదుతూనే ఉన్నాయి. పొరపాట్లు జరిగేది మట్టి పరచడంలో. యంత్రాలతో తొక్కితే నీరు ఇంకదు, పైనుంచి పొంగి నేరుగా వాగులోకే పోతుంది. ఆకు పేరుకుని లోపలికి వచ్చే గండి మూసుకుపోయినా అంతే. ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేసే మనిషి ఉన్నచోటే ఈ గుంట పనిచేస్తుంది.

స్వచ్ఛంద సేవకులు ఇద్దరు వాగు వెంట పైకి నడుస్తూ లెక్క రాస్తారు. బతికినవి ఎన్ని, గూళ్ళెన్ని, చచ్చినవెన్ని. చచ్చినదాన్ని ఒడ్డుకి లాగి, ముక్కు నుంచి తోక చీలిక దాకా కొలుస్తారు. కొవ్వు రెక్క ఉందా కత్తిరించి ఉందా చూస్తారు. ఆడదైతే పొట్ట చీల్చి జన మిగిలిందా అని చూస్తారు. ఖాళీగా ఉంటే గుడ్లు పెట్టి సహజంగా పోయింది. నిండుగా ఉంటే రోడ్డు చంపింది.

పైపు మూతికి కాస్త దిగువన ఒక కోహో దొరికింది. పొట్టలో జన పొరలోంచి కూడా విడలేదు, ఎర్రగా, నిండుగా ఉంది. కొలత రాశారు, రెక్క ఉందని రాశారు, మళ్ళీ లెక్కలోకి రాకుండా తోక కోశారు. ఏటికి తిండి అవుతుందని చేపని తిరిగి నీటిలోకే జార్చి, ఇంకో వంపు పైకి నడిచారు.